80డికి బయటి కంపెనీ బ్యాటరీ గ్రిప్: ఏం చూసి ఎంచుకోవాలి?

నిలువుఫ్రేమ్:
అందరికీ నమస్కారం. నా దగ్గర కెనాన్ 80డి ఉంది. ఎక్కువగా తీసేవి నాట్య ప్రదర్శనలు, పోర్ట్రెయిట్లు. సగానికి పైగా ఫ్రేములు నిలువుగానే ఉంటాయి. 70-200 ఎఫ్/2.8 లెన్స్ తగిలించి కెమెరాని నిలువుగా పట్టుకుంటే కుడి మోచెయ్యి గాల్లో వేలాడుతూ ఉంటుంది. ప్రదర్శన అయ్యేసరికి మణికట్టు లాగేస్తుంది. అందుకే బ్యాటరీ గ్రిప్ (కెమెరా అడుగున బిగించే, అదనపు బ్యాటరీలూ రెండో షట్టర్ బటనూ ఉండే పట్టు) కొందామనుకుంటున్నాను.

కెనాన్ వాళ్లది బీజీ-ఈ14 అని తెలుసు. దానికి సరిపోతాయంటూ బయటి కంపెనీలవి చాలా కనిపిస్తున్నాయి. ఫొటోల్లో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, ధరలో మాత్రం ఒరిజినల్‌కీ వీటికీ చాలా తేడా ఉంది. చవకది పెడితే కెమెరాకి ఏమైనా అవుతుందేమోనన్నదే నా టెన్షన్. వాడినవాళ్లు ఎవరైనా చెప్పండి. కొనేముందు ఏం చూడాలి? కొన్నాక ఏం పరీక్షించాలి?

పాతలెన్స్:
నిలువుఫ్రేమ్ గారూ, మీ అవసరం స్పష్టంగా ఉంది కాబట్టి సలహా చెప్పడం తేలిక. మీకు కావలసింది బ్యాటరీ కాదు, నిలువుగా పట్టుకున్నప్పుడు చేతికి అందే షట్టర్ బటన్. ఈ ముక్క ముందు మనసులో పెట్టుకోండి, ఎందుకంటే గ్రిప్‌ల ప్రకటనల్లో సగం మాటలు "రెట్టింపు బ్యాటరీ" గురించే ఉంటాయి. 80డి ఒక్క ఎల్‌పీ-ఈ6ఎన్‌తో (80డి బ్యాటరీ ఇదే) వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ, వాడితే సుమారు 960 ఫొటోలు ఇస్తుందని కెనాన్ లెక్క. నాట్యం తీసేవాళ్లకి ఒక బ్యాటరీ లోపల, ఒకటి జేబులో ఉంటే చాలు.

నేను కెనాన్ బాడీల (లెన్స్ లేకుండా ఉత్త కెమెరాల) మీద ఒరిజినల్ గ్రిప్‌లూ వాడాను, బయటివీ వాడాను. ఈ రెండింటి తేడా మొదట తెలిసేది షట్టర్ బటన్ దగ్గరే. సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే క్లిక్. ఒరిజినల్‌లో ఈ రెండు మెట్ల మధ్య దూరం బాడీ మీది బటన్‌లాగే ఉంటుంది. చవక గ్రిప్‌లలో కొన్నిటికి సగం మెట్టు దాదాపు తెలియదు, వేలు ఆనించగానే క్లిక్ అయిపోతుంది. కొన్నిటికి గట్టిగా నొక్కితే తప్ప పడదు, ఆ నొక్కుడుకి కెమెరా కదులుతుంది. నాట్యంలో భంగిమ నిలిచేది ఒక్క క్షణం. బటన్ బాగోకపోతే ఆ గ్రిప్ మీకు పనికిరాదు, మిగతావన్నీ ఎంత బాగున్నా సరే.

తర్వాత చూడాల్సింది ఏఎఫ్-ఆన్ బటన్, అంటే కెమెరా వెనక బొటనవేలితో నొక్కి ఫోకస్ చేసేది. వెనక బటన్‌తో ఫోకస్ చేసే అలవాటుంటే గ్రిప్ మీద కూడా అది ఉండాలి, బొటనవేలికి అందేచోట ఉండాలి. దాంతోపాటు ఫోకస్ పాయింట్ బటన్, వెలుతురు కొలతని పట్టి ఉంచే స్టార్ బటన్, ముందువైపు తిప్పుడు చక్రం, గ్రిప్ బటన్లని ఆపే స్విచ్ ఉన్నాయో లేదో ఫొటోలో దగ్గరగా చూడండి. ఆ స్విచ్ లేని గ్రిప్ తీసుకోకండి. కెమెరా అడ్డంగా పట్టుకున్నప్పుడు అరచెయ్యి తగిలి అక్కర్లేని ఫ్రేములు పడుతూనే ఉంటాయి.

తేలికసంచి:
నాది వేరే మాట. అసలు గ్రిప్ ఎందుకు? 80డి బరువు బ్యాటరీ, కార్డుతో కలిపి 730 గ్రాములు. 70-200 ఎఫ్/2.8 రెండో తరం లెన్స్ 1,490 గ్రాములు. దీనికి గ్రిప్పూ రెండో బ్యాటరీ తోడైతే మోసేది చెయ్యే కదా. మణికట్టు నొప్పికి బరువు పెంచడం మందా? మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) మీద లెన్స్ కాలర్ (లెన్స్ చుట్టూ ఉండే పట్టీ) పెట్టుకుంటే, కాలర్ వదులు చేసి కెమెరాని నిలువుగా తిప్పుకోవచ్చు. బరువు నేల మోస్తుంది. నిలువుఫ్రేమ్ గారు ముందు అది ప్రయత్నించి చూడాలని నా అభిప్రాయం.

పాతలెన్స్:
తేలికసంచి గారూ, కూర్చున్నచోటి నుంచి తీసేవాళ్లకి మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ వేదిక ముందు అటూ ఇటూ కదులుతూ తీసేవాళ్లకి మోనోపాడ్ అడ్డం. మణికట్టు నొప్పి బరువు వల్ల మాత్రమే రాదు, చెయ్యి మెలిక వల్ల కూడా వస్తుంది. గ్రిప్ ఉంటే మోచెయ్యి కిందికి దిగి ఒంటికి ఆనుతుంది. కెమెరా బరువు పెరుగుతుంది, నిజమే. ఆ బరువు భుజానికీ ఒంటికీ పంచుకుంటుంది.

సర్క్యూట్‌బోర్డు:
"కెమెరాకి ఏమైనా అవుతుందా" అన్న ప్రశ్నకి జవాబు ఎవరూ ఇవ్వలేదు. నేను చెప్తాను, కాస్త పొడవవుతుంది.

80డిలో బ్యాటరీ గది మూత తీసేసి, గ్రిప్‌కి ఉన్న నిలువు కాడని ఆ గదిలోకి దూరుస్తాం. కెమెరా దృష్టిలో ఆ కాడే బ్యాటరీ. కరెంటు దాని కాంటాక్టుల ద్వారా వస్తుంది. బ్యాటరీ లోపలి చిప్ చెప్పే సమాచారం కూడా అలాగే వస్తుంది.

గ్రిప్ ట్రేలో రెండు బ్యాటరీలు పక్కపక్కన ఉంటాయి. ఒక్కొక్కటీ 7.2 వోల్టులు. ఒకటి నిండుగా, ఒకటి సగం ఖాళీగా ఉందనుకోండి. రెండింటినీ నేరుగా తీగతో కలిపేస్తే నిండుదాని నుంచి ఖాళీదాంట్లోకి కరెంటు ఉరుకుతుంది. లిథియం సెల్‌కి అది మంచిది కాదు. అందుకే గ్రిప్ లోపల డయోడో మాస్‌ఫెట్టో పెట్టి కరెంటు కెమెరా వైపే పోయేలా కడతారు. ఎక్కువ వోల్టేజి ఉన్న బ్యాటరీ ముందు ఖర్చవుతుంది, రెండూ సమానమయ్యాక కలిసి దిగుతాయి. ఒకటే పెట్టినా పనిచేస్తుంది.

చవక చేసేవాళ్లు ఎక్కడ తగ్గిస్తారంటే ఇక్కడే. మామూలు డయోడ్ వాడితే దాని మీదుగా 0.6 వోల్టు దాకా పోతుంది. షాట్కీ రకమైతే దాదాపు 0.3. చదవడానికి చిన్న సంఖ్యలే. కానీ కెమెరా ఎప్పుడు "బ్యాటరీ అయిపోయింది" అనాలో వోల్టేజి చూసి తేల్చుకుంటుంది కదా. గ్రిప్ లోపల వోల్టేజి పోతే, బ్యాటరీలో ఇంకా కరెంటు ఉండగానే కెమెరా ఆగిపోతుంది. రెండు బ్యాటరీలు పెట్టినా రెట్టింపు ఫొటోలు రాలేదని కొందరు అనడానికి ఇదొక కారణం.

రెండో సమస్య, కెమెరా ఆపేసి ఉన్నా గ్రిప్ లోపలి సర్క్యూట్ కాస్త కాస్త కరెంటు తాగుతూ ఉండడం. దీన్ని పట్టుకోవడం తేలిక. రెండు బ్యాటరీలూ నింపి గ్రిప్‌లో పెట్టండి. 80డి మెనూలో బ్యాటరీ సమాచారం అనే పేజీ ఉంది, అందులో శాతం, ఆ చార్జితో తీసిన ఫొటోల సంఖ్య, బ్యాటరీ ఆరోగ్యం ఉంటాయి. శాతం రాసుకుని కెమెరా ఆపేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ఒక శాతం తగ్గితే పట్టించుకోకండి. ఐదో పదో తగ్గితే ఆ గ్రిప్ వెంటనే వెనక్కి పంపెయ్యండి.

కెమెరా బోర్డు కాలిపోతుందన్న భయం మాత్రం సరిగ్గా కట్టిన గ్రిప్‌తో అక్కర్లేదు. అదే 7.2 వోల్టులు, అదే బ్యాటరీ. ప్రమాదం ఉంటే వంగిన కాంటాక్టు పిన్నుల వల్ల వస్తుంది. కాడని బలవంతంగా దూర్చకండి. తిన్నగా పెడితే తిన్నగా వెళ్లాలి.

నిలువుఫ్రేమ్:
సర్క్యూట్‌బోర్డు గారూ, ఇంత విడమరిచి చెప్పినందుకు చాలా థాంక్స్. ఒక సందేహం. ఈ గ్రిప్‌లతో ఆరు ఏఏ సెల్స్ పెట్టే ట్రే కూడా ఇస్తారు కదా, అది పనికొస్తుందా?

సర్క్యూట్‌బోర్డు:
అత్యవసరానికి మాత్రమే. లెక్క వేసి చూడండి. రీచార్జి అయ్యే నికెల్ సెల్ 1.2 వోల్టులు, ఆరు వరసగా కలిపితే 7.2. ఒక్కొక్కటి సుమారు 2,000 ఎంఏహెచ్ అనుకుంటే ఆరూ కలిపి 14 వాట్ అవర్లకి కాస్త పైన. ఒక్క ఎల్‌పీ-ఈ6ఎన్ 7.2 వోల్టులు, 1,865 ఎంఏహెచ్, అంటే 13 చిల్లర. ఆరు సెల్స్ కలిసి ఒక్క బ్యాటరీ పని చేస్తాయి, బరువు మాత్రం దాదాపు రెట్టింపు. కరెంటు లేని చోట రోజుల తరబడి ఉండాల్సివస్తే, ఏ మూల కొట్లోనైనా దొరుకుతాయి కాబట్టి అక్కరకొస్తాయి.

మామూలు ఆల్కలైన్ సెల్స్ అసలు పెట్టకండి. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వాటి వోల్టేజి పడిపోతుంది. పాతవీ కొత్తవీ కలపకండి. ట్రే స్ప్రింగులు కూడా చూడండి, బయటి గ్రిప్‌లలో ఎక్కువగా బలహీనంగా ఉండేవి అవే.

పసుపుపట్టీ:
నికాన్ వైపు నుంచి నాలుగు మాటలు, వేరేవాళ్లు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి.

డి750, డి7200, డి500 లాంటి వాటిలో బ్యాటరీ గది మూత తియ్యక్కర్లేదు. అసలు బ్యాటరీ బాడీలోనే ఉంటుంది. గ్రిప్ కిందినుంచి బిగుస్తుంది, బాడీ అడుగున రబ్బరు మూత కింద ఉన్న కాంటాక్టులతో మాట్లాడుతుంది. ముందు ఏ బ్యాటరీ వాడాలో మెనూలో మనమే చెప్పొచ్చు. గ్రిప్‌దే ముందు ఖర్చయ్యేలా పెట్టుకోండి. అది అయిపోతే కెమెరా ట్రైపాడ్ మీదుండగానే ట్రే లాగి మార్చుకోవచ్చు. ఆ రబ్బరు మూత చిన్నది, ఇట్టే పోతుంది. దాన్ని దాచుకునే చోటు గ్రిప్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఇక వేగం సంగతి. గ్రిప్ పెడితే సెకనుకి ఎక్కువ ఫ్రేములు వస్తాయని చాలామంది నమ్ముతారు. అది కొన్ని నికాన్ బాడీలకే నిజం. డి700 సెకనుకి 5 ఫ్రేములు తీస్తుంది. ఎంబీ-డి10 గ్రిప్‌లో ఈఎన్-ఈఎల్4ఏ బ్యాటరీ గానీ ఎనిమిది ఏఏ సెల్స్ గానీ పెడితే 8 తీస్తుంది. డి300 కూడా 6 నుంచి 8కి వెళ్తుంది. డి850లో ఎంబీ-డి18, దాంట్లో ఈఎన్-ఈఎల్18 వరసలో తగిన బ్యాటరీ ఉంటే 7 నుంచి 9కి వెళ్తుంది. వేగాన్ని పెంచేది గ్రిప్ కాదు, ఆ పెద్ద బ్యాటరీ ఇచ్చే ఎక్కువ వోల్టేజి. ఈఎన్-ఈఎల్18 వరసవి 10.8 వోల్టులవి. కాబట్టి డి850కి బయటి గ్రిప్ కొనేవాళ్లు ఆ బ్యాటరీ అందులో పడుతుందా, దాని మూత ఇస్తారా, వేగం నిజంగా పెరుగుతుందా అని అడిగి మరీ కొనాలి. 80డి మాత్రం గ్రిప్ ఉన్నా లేకపోయినా 7 ఫ్రేములే.

పక్షిచూపు:
ఎవరూ ముట్టుకోని విషయం ఒకటుంది: ఊగడం.

గ్రిప్ మొత్తం ఒకే ఒక్క స్క్రూ మీద నిలబడుతుంది, కెమెరా అడుగున ట్రైపాడ్ కోసం ఉన్న పావు అంగుళం రంధ్రంలో. ఒరిజినల్ గ్రిప్ పైభాగం కెమెరా అడుగు ఆకారానికి అచ్చుగా దిగుతుంది. కదలకుండా ఆపే చిన్న పిన్నులు సరిగ్గా వాటి గుంటల్లో కూర్చుంటాయి. బయటి వాటిలో ఈ ఆకారం వెంట్రుకవాసి తేడా వచ్చినా చాలు, కెమెరాకీ గ్రిప్‌కీ మధ్య సందు వస్తుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు అది పెద్దగా తెలియదు. ట్రైపాడ్ మీద కెమెరాని పక్కకి వంచి నిలువు ఫ్రేమ్ పెట్టి, సెకనుకి పైగా ఎక్స్‌పోజర్ ఇస్తే అప్పుడు తెలుస్తుంది. నేను పక్షులు తీస్తాను, పెద్ద లెన్స్ కాలర్ మీద ఉంటుంది కాబట్టి గ్రిప్ మీద బరువు పడదు. కాలర్ లేని లెన్సులతో రాత్రి ఆకాశమో ఊరి దీపాలో తీసేవాళ్లు మాత్రం గ్రిప్ విప్పేసి బాడీనే ట్రైపాడ్‌కి బిగించాలి.

పరీక్ష ఇది. గ్రిప్ బిగించి ట్రైపాడ్ మీద పెట్టండి. లైవ్ వ్యూ (వెనక తెర మీద బొమ్మ చూడడం) ఆన్ చేసి దూరంగా ఏదైనా అక్షరాల మీద 10 రెట్లు జూమ్ చేసి చూడండి. లెన్స్ కొసని ఒక వేలితో మెల్లగా నొక్కి వదలండి. బొమ్మ కదిలి మళ్లీ అదే చోటికి వస్తే ఫరవాలేదు. వేరే చోట ఆగిపోతే గ్రిప్ వదులు. ఇదే పరీక్ష గ్రిప్ లేకుండా కూడా చేస్తే తేడా ఎంతో కళ్లకి కడుతుంది.

స్క్రూ చక్రం వేళ్లతోనే బిగించండి. కాసేపు వాడాక ఇంకొంచెం తిరుగుతుంది, అప్పుడు మళ్లీ బిగించండి. పటకారు పెట్టి తిప్పేవాళ్లని చూశాను. దారం పోతే బాగుచెయ్యాల్సింది గ్రిప్‌ని కాదు, కెమెరాని.

వానలో తీసేవాళ్లకి ఇంకో మాట. 80డి బాడీకి దుమ్మూ తేమా ఆపే రబ్బరు అంచులు ఉన్నాయి. బయటి గ్రిప్‌లలో చాలావాటికి ఆ అంచులు ఉండవు. బ్యాటరీ మూత తీసేసి ఆ రంధ్రంలో గ్రిప్ కాడ పెట్టాం కాబట్టి నీళ్లు దిగితే నేరుగా బ్యాటరీ గదిలోకే. చినుకు పడే చోట గ్రిప్ విప్పెయ్యండి, లేకపోతే ఒరిజినలే కొనండి. నేను ఈ ఒక్క కారణంగానే ఒరిజినల్ వాడతాను.

అద్దంలేనిది:
మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాల) వాళ్లు ఈ చర్చ చూస్తుంటే, మన దగ్గర లెక్క కొంచెం మారుతుంది. వ్యూఫైండర్‌లో ఉండేది చిన్న తెర, అదీ కరెంటు తాగుతుంది కాబట్టి రెండో బ్యాటరీకి విలువ ఎక్కువ. కానీ చాలా కొత్త బాడీలు యూఎస్‌బీ-సి ద్వారా పవర్‌బ్యాంకు నుంచే నడుస్తాయి. ఒకేచోట నిలబెట్టి వీడియో తీసేవాళ్లకి అదే మేలు.

కొనేముందు మోడల్ సరిచూసుకోండి. సోనీ ఏ7 III గ్రిప్ ఏ7 IVకి పట్టదు, ఒరిజినల్‌లోనే అవి వీజీ-సీ3ఈఎం, వీజీ-సీ4ఈఎం అని వేరువేరు. నికాన్ జెడ్6, జెడ్7లకి కంపెనీ చేసిన ఎంబీ-ఎన్10లో అసలు షట్టర్ బటనే లేదు, అది బ్యాటరీల పెట్టె మాత్రమే. తర్వాత జెడ్6 II, జెడ్7 IIలకి వచ్చిన ఎంబీ-ఎన్11లో బటన్లు పెట్టారు. ఒరిజినలే ఇలా ఉన్నప్పుడు బయటి కంపెనీ "బటన్ పనిచేస్తుంది" అంటే ఎలా పనిచేస్తుందో అడగండి. పక్కన రిమోట్ రంధ్రంలోకి వైరు పెట్టి పనిచేయించేవి కొన్ని ఉంటాయి. కంపెనీయే గ్రిప్ చెయ్యని చిన్న డీఎస్ఎల్ఆర్‌లకి (అద్దం ఉండే కెమెరాలకి) దొరికేవీ చాలావరకు ఇంతే. బటన్ నొక్కితే క్లిక్ అవుతుంది, చక్రాలు మాత్రం ఉండవు.

తేలికసంచి:
నేను మొదట గ్రిప్ వద్దన్నాను. నా వాడకానికి ఇప్పటికీ వద్దు. అయితే కొనాలని తేల్చుకున్నవాళ్లకి ఇంకో దారి ఉంది: వాడిన ఒరిజినల్. బీజీ-ఈ14 70డి, 80డి, 90డి మూడింటికీ పడుతుంది కాబట్టి పాతవి బాగానే దొరుకుతాయి. లోపల కదిలే భాగాలు తక్కువ. బటన్లు, చక్రం, ట్రే స్ప్రింగులు, రబ్బరు అంచు ఊడిందా లేదా, ఇవి చూస్తే చాలు.

పాతలెన్స్:
మంచి మాట చెప్పారు. దానికి ఒక హెచ్చరిక జతచేస్తాను. కెమెరా కంపెనీ పేరు ముద్రించిన నకిలీ గ్రిప్‌లూ ఉంటాయి. తన సొంత పేరుతో "ఇది ఫలానా బాడీకి సరిపోతుంది" అని అమ్మే బయటి కంపెనీది నిజాయితీ గల వస్తువు. పేరు దొంగిలించి అమ్మేది అలాంటిది కాదు. ఆ నకిలీ గ్రిప్ ఎలా కట్టారో అడిగినా చెప్పేవాళ్లు ఉండరు, వారంటీ ఉండదు. నమ్మలేనంత తక్కువ ధరకి "ఒరిజినల్" కనిపిస్తే అక్కడే ఆగండి.

బ్యాటరీల విషయం కూడా. గ్రిప్‌తోపాటు రెండు బ్యాటరీలు ఉచితంగా ఇస్తామనే జతలు తీసుకోకండి. గ్రిప్ బయటిదైనా బ్యాటరీ మాత్రం ఒరిజినల్ వాడాలనేది నా పట్టుదల. కొన్ని కెనాన్ బాడీలు బయటి బ్యాటరీ పెడితే దాని మీద కెనాన్ గుర్తు ఉందా అని అడుగుతాయి, శాతం చూపించవు. శాతం కనిపించకపోతే సర్క్యూట్‌బోర్డు గారు చెప్పిన రాత్రి పరీక్ష చెయ్యలేరు, ప్రదర్శన మధ్యలో ఎప్పుడు ఆగుతుందో కూడా తెలియదు. గ్రిప్ చెడిపోతే విప్పి పక్కన పెడతాం. లిథియం బ్యాటరీ ఉబ్బితే అది వేరే సంగతి.

నిలువుఫ్రేమ్:
అందరి మాటలూ చదివాక ఒక బయటి కంపెనీ గ్రిప్ తెప్పించాను. వెనక్కి ఇచ్చే వీలున్న చోటే తీసుకున్నాను. ఫలితాలు చెప్తాను.

కాడ తిన్నగా దిగింది. 80డి మూత దాచుకునే గాడి గ్రిప్‌లోనే ఉంది. రాత్రి వదిలేస్తే శాతం మారలేదు. జూమ్ చేసి నొక్కి చూస్తే బొమ్మ కదిలింది కానీ మళ్లీ అదే చోటికి వచ్చింది. ఏఎఫ్-ఆన్ ఉంది, ఆపే స్విచ్ ఉంది. రెండు బ్యాటరీల శాతమూ మెనూలో విడివిడిగా కనిపిస్తోంది. పట్టు చాలా బాగుంది, నిలువుగా తీసినప్పుడు మోచెయ్యి ఒంటికి ఆనుతోంది.

తేడా కొట్టింది బటన్. సగం నొక్కు మరీ తేలిక. ఫోకస్ కోసం ఆనిస్తే క్లిక్ పడిపోతోంది. దీనికి ఏమైనా చెయ్యొచ్చా, మార్చుకోవాలా?

పాతలెన్స్:
ముందు వెనక బటన్ ఫోకస్‌కి మారి చూడండి. 80డిలో కస్టమ్ కంట్రోల్స్‌కి వెళ్లి షట్టర్ సగం నొక్కుని మీటరింగ్‌కి (వెలుతురు కొలవడానికి) మాత్రమే ఉంచండి, ఫోకస్‌ని ఏఎఫ్-ఆన్‌కి ఇవ్వండి. అప్పుడు షట్టర్ బటన్‌కి ఒకటే పని మిగులుతుంది, సగం మెట్టు అవసరమే ఉండదు. నాట్యానికి ఈ పద్ధతి ఎలాగూ మంచిది. బొటనవేలు నొక్కి ఉంచితే ఏఐ సర్వో (కదిలేవాళ్ల మీద ఆగకుండా ఫోకస్ చేసే పద్ధతి) వెంటాడుతూనే ఉంటుంది, భంగిమ కుదిరినప్పుడు చూపుడువేలు పడుతుంది.

వెనక్కి ఇచ్చే గడువు లోపలే ఒక పూర్తి ప్రదర్శన తీసి చూడండి. అలవాటు పడకపోతే మార్చేసుకోండి, సర్దుకుపోకండి.

సర్క్యూట్‌బోర్డు:
బటన్ విప్పి సరిచెయ్యాలని మాత్రం చూడకండి. విప్పితే వారంటీ పోతుంది. లోపలి రేకు ముక్క ఒకసారి వంగితే మళ్లీ అదే ఎత్తుకి రాదు.

నిలువుఫ్రేమ్:
వెనక బటన్‌కి మారాను. ఒక నాట్య ప్రదర్శన మొదటి నుంచి చివరిదాకా అలాగే తీశాను. అక్కర్లేని క్లిక్కులు ఆగిపోయాయి. బొటనవేలు బటన్ కోసం మొదట్లో వెతుక్కుంది, రెండో అంశానికల్లా కుదురుకుంది. గ్రిప్ ఉంచేసుకుంటున్నాను. వానాకాలం బయట తీసేటప్పుడు మాత్రం పక్షిచూపు గారు చెప్పినట్టు విప్పేస్తాను.

కొత్తచూపు:
ఆలస్యంగా వచ్చాను. నాది 90డి. నిలువుఫ్రేమ్ గారు తీసుకున్న లాంటి గ్రిప్ నాకూ పనికొస్తుందా? చాలా రోజులు కెమెరా వాడకుండా ఉంచినప్పుడు గ్రిప్ తగిలించే ఉంచవచ్చా?

సర్క్యూట్‌బోర్డు:
బీజీ-ఈ14కి బదులుగా చేసిందైతే 90డికి పడాలి, ఒరిజినల్ గ్రిప్ ఒకటే కాబట్టి. అయినా అమ్మేవాళ్ల జాబితాలో 90డి పేరు ఉందో లేదో చూసుకోండి. 80డి వచ్చింది 2016లో, 90డి 2019లో. పాత తయారీ గ్రిప్‌ని 90డితో ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. రాగానే అన్ని బటన్లూ ఒక్కొక్కటి నొక్కి చూడండి, ముఖ్యంగా చక్రం.

వాడనప్పుడు బ్యాటరీలు తీసెయ్యండి, గ్రిప్ ఉన్నా లేకపోయినా. సగం చార్జితో, చల్లని పొడి చోట విడిగా పెట్టండి. గ్రిప్ విప్పితే 90డి మూత మళ్లీ బిగించి పెట్టండి, బ్యాటరీ గది తెరిచి వదిలితే దుమ్ము కాంటాక్టుల మీద చేరుతుంది. కాంటాక్టులు మురికిగా కనిపిస్తే పొడి గుడ్డతో మెల్లగా తుడవండి, గరుకు కాగితం పెట్టకండి, పైపూత పోతుంది.